చివరి కుళాయికి నీళ్లు చేరిన సమయం: నగర జీవన సూచీలతో పనిచేసిన ఒక అనుభవం

కోస్తా ఆంధ్రలోని ఒక నగరపాలక సంస్థకు నేను ప్రణాళికా సలహాదారుగా పనిచేస్తున్న రోజుల్లో, కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ రూపొందించే ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్, అంటే సులభతర జీవన సూచీ, రెండో విడతకు సమాచారం సమకూర్చే పని నాకు అప్పగించారు. 2020 జనవరిలో కమిషనర్ ఛాంబర్‌లో జరిగిన మొదటి సమీక్షలో ఇంజనీరింగ్, ప్రజారోగ్య, రెవెన్యూ విభాగాల అధికారులందరూ అడిగింది ఒకటే: ఈసారి ర్యాంకు ఎంత రావచ్చు? ఈ లెక్కలన్నీ పోగయ్యాక ఏ వార్డులో ముందుగా ఏ పని చేపట్టాలో వాటిని చూసి తేల్చుకోగలమా అన్న మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్లలో మేం ఆ ప్రశ్న దాకా ఎలా వచ్చామో, నీటి సరఫరా అనే ఒక్క అంశంలో దానికి ఎంతవరకు సమాధానం రాబట్టగలిగామో చెప్పడం ఈ కేస్ స్టడీ ఉద్దేశం. నగరం పేరు, వ్యక్తుల పేర్లు ఉద్దేశపూర్వకంగానే వదిలేశాను.

కొలబద్ద మారితే ర్యాంకు మారుతుంది

మొదటి విడత సూచీ 2018 ఆగస్టులో వెలువడింది. అందులో 111 నగరాలను 78 సూచికలతో కొలిచి, సంస్థాగత, సామాజిక, ఆర్థిక, భౌతిక అనే నాలుగు స్తంభాల కింద మార్కులు వేశారు. నీరు, మురుగు, రోడ్లు, ఇళ్లు, విద్యుత్తు వంటి భౌతిక సదుపాయాలకు 45 శాతం వెయిటేజీ ఇచ్చి, ఆర్థిక స్థితికి 5 శాతమే ఇచ్చారు. మిగతా రెండు స్తంభాలకు చెరి 25 శాతం దక్కింది. ఆ జాబితాలో పుణె మొదటి స్థానంలోనూ, తిరుపతి నాలుగో స్థానంలోనూ, విజయవాడ తొమ్మిదో స్థానంలోనూ, హైదరాబాద్ 27వ స్థానంలోనూ నిలిచాయి. బెంగళూరుది 58వ స్థానం.

రెండో విడత ఫలితాలు 2021 మార్చి 4న వచ్చాయి. ఈసారి నగరాలను పది లక్షలకు పైబడిన జనాభా ఉన్న 49, అంతకు తక్కువ ఉన్న 62 అని రెండు వర్గాలుగా విడదీశారు. సూచికలు 49కి తగ్గాయి. జీవన నాణ్యతకు 35, ఆర్థిక సామర్థ్యానికి 15, సుస్థిరతకు 20 శాతం ఇచ్చి, మిగిలిన 30 శాతాన్ని పౌరుల అభిప్రాయ సర్వేకు కేటాయించారు. పెద్ద నగరాల్లో బెంగళూరు 66.70 మార్కులతో మొదటి స్థానానికి వచ్చింది. చిన్న నగరాల్లో సిమ్లా మొదటిది, మన కాకినాడ నాలుగోది. తిరుపతి, విజయవాడ తమతమ వర్గాల్లో తొలి పదిలో లేవు.

ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూసిన ఎవరికైనా, మూడేళ్లు కూడా నిండకముందే బెంగళూరులో ట్రాఫిక్ ఇక్కట్లు తీరిపోయాయా, తిరుపతిలో ఏదైనా కుప్పకూలిపోయిందా అన్న సందేహం కలగడం సహజం. ఆ రెండూ జరగలేదు. మారింది ప్రధానంగా కొలబద్ద. ఆర్థిక అంశాల వెయిటేజీ మూడు రెట్లయింది, అభిప్రాయ సర్వేకు దాదాపు మూడో వంతు దక్కింది, పోటీలో ఉన్న నగరాల జాబితా రెండుగా చీలింది. కాబట్టి 58 నుంచి 1కి ఎదిగాం అని గానీ, 4 నుంచి జారిపోయాం అని గానీ పత్రికా ప్రకటన ఇవ్వడానికి ఈ సంఖ్యలు ఒప్పుకోవు. అయినా అలాంటి ప్రకటనలు ఇస్తూనే ఉంటారు, వాటిని తయారుచేసే పని నాలాంటి వాళ్ల మీదే పడుతుంది.

దశాంశ స్థానాల సంగతి కూడా చెప్పాలి. పెద్ద నగరాల జాబితాలో అయిదో స్థానంలో ఉన్న సూరత్‌కు 61.73, ఆరో స్థానంలో ఉన్న నవీ ముంబైకి 61.60 మార్కులు వచ్చాయి. ఏదో ఒక పత్రంలో ఒక మున్సిపల్ గుమాస్తా రాసిన అంకె కాస్త అటూఇటూ అయినా ఈ 0.13 తేడా తారుమారయ్యేది. ర్యాంకుగా రాస్తే మాత్రం 5కూ 6కూ మధ్య గోడ కట్టినట్టు కనిపిస్తుంది.

అభిప్రాయ సర్వేలో ఎవరి అభిప్రాయం

పౌరుల అభిప్రాయ సర్వే 2020 జనవరి 16న, సరిగ్గా కనుమ పండుగ నాడు మొదలై మార్చి 20 వరకు నడిచింది. దేశం మొత్తం మీద 111 నగరాల్లో 32.2 లక్షల మంది పాల్గొన్నారు. ఉద్దేశం మంచిదే. కుళాయి కనెక్షన్ల సంఖ్య అధికారులు చెప్పగలరు, ఆ కుళాయి నీటిని తాగడానికి ధైర్యం చాలుతోందా లేదా అన్నది ఇంటివాళ్లే చెప్పాలి. ఇబ్బందంతా ఆ ఇంటివాళ్లను ఎంచుకున్న తీరులో ఉంది. ముఖాముఖి ఇంటర్వ్యూలు కూడా ఉన్నా, సర్వే ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి ఉండడంతో, అక్కడ ఎవరు నింపితే వాళ్లే నమూనా అయ్యారు.

మా నగరంలో స్పందనల సంఖ్య తక్కువగా ఉందన్న హెచ్చరిక రాగానే, క్యూఆర్ కోడ్ అచ్చేసిన ఫ్లెక్సీలు మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర, రైతు బజార్లలో, ఒక డిగ్రీ కాలేజీ ఆవరణలో వెలిశాయి. ఆ కాలేజీకి నేను స్వయంగా వెళ్లాను. మధ్యాహ్నం భోజన విరామంలో విద్యార్థులు చెట్టు కింద వరసగా నిలబడి ఫోన్లలో జవాబులు నింపుతున్నారు. వారిలో చాలామంది చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. ఇంటి పన్ను, నీటి కొళాయి, మురుగు కాలువ గురించి అడిగిన ప్రశ్నల దగ్గర ఒకరినొకరు చూసుకుని, ‘బాగుంది’ అన్న గడిని నొక్కి ముందుకు సాగారు. ఎవరూ వాళ్లను అలా నొక్కమని చెప్పలేదు. తెలియని విషయం అడిగితే మర్యాదగా బాగుందనడం మన అలవాటు. ఆ సాయంత్రానికి మా స్పందనల సంఖ్య పెరిగింది, కమిషనర్ గారు సంతోషించారు, మా ఊరి గురించి మాకు కొత్తగా ఏమీ తెలియలేదు.

ఐరోపా సమాఖ్య 2004 నుంచి నిర్వహిస్తున్న నగర జీవన నాణ్యతా సర్వేను దీనితో పోల్చి చూడవచ్చు. 2019 విడతలో అది 83 నగరాల్లో, నగరానికి కనీసం 700 మంది చొప్పున, మొత్తం 58,100 మందిని ఇంటర్వ్యూ చేసింది. మన సర్వేలో సగటున నగరానికి 29 వేల మంది పాల్గొన్నారంటే చూడ్డానికి మనదే ఘనంగా ఉంటుంది. కానీ యాదృచ్ఛికంగా ఎంచిన 700 మంది జవాబులతో నగరం అభిప్రాయాన్ని నాలుగు శాతం అటూఇటూగా అంచనా వేయవచ్చు. తమంతట తామే వచ్చినవాళ్లు, ఎవరో తీసుకొచ్చినవాళ్లు కలిసిపోయిన 29 వేల మందితో ఎంత పొరపాటు పడుతున్నామో లెక్కించే మార్గమే లేదు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలునంటారు, నిజమే, అయితే ముందు గిన్నెను బాగా కలిపి ఉండాలి.

సర్వే ముగిసిన రెండు రోజులకే జనతా కర్ఫ్యూ వచ్చింది. కరోనాకు ముందు పోగుచేసిన అభిప్రాయాలు దాదాపు ఏడాది తర్వాత ర్యాంకులుగా బయటికొచ్చేసరికి, ఆస్పత్రులు, ఉపాధి, అద్దె ఇళ్ల విషయంలో జనం ఆలోచన పూర్తిగా మారిపోయింది.

తలసరి 135 లీటర్లు

ఫలితాలు వచ్చిన తర్వాత నాకు మిగిలింది ఒక ర్యాంకు, కొన్ని పట్టికలు. అప్పటికి కొత్త పాలకవర్గం ఎన్నికై కూర్చుంది. నగరం తూర్పు వైపు వార్డుల కార్పొరేటర్లు మొదటి సమావేశం నుంచే ఓవర్‌హెడ్ ట్యాంకు కావాలని పట్టుబట్టారు. సూచీ కోసం మేం నింపిన పత్రాల్లో చూస్తే నీటి సరఫరాలో నగరం పరిస్థితి చెప్పుకోదగ్గంత బాగుంది. పత్రం బాగుందంటోంది, కార్పొరేటర్లు బాగాలేదంటున్నారు, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ చిక్కు ఎక్కడుందో అర్థం కావాలంటే 2008 నాటి సేవా ప్రమాణాల దాకా వెనక్కి వెళ్లాలి. నీటి సరఫరా, మురుగునీరు, ఘన వ్యర్థాలు, వాననీటి కాలువలు అనే నాలుగు రంగాల్లో పురపాలక సంస్థలు చేరుకోవలసిన గీటురాళ్లను కేంద్రం అప్పుడు ఒక చేతిపుస్తకంగా ప్రకటించింది. నీటి విషయంలో నూటికి నూరు ఇళ్లకు కనెక్షన్, మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, లెక్కకు రాని నీరు 20 శాతానికి మించకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఆ పుస్తకంలో నాకు ఎప్పటికీ నచ్చే అంశం మరొకటి ఉంది: ప్రతి అంకె పక్కనా దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఏ నుంచి డి వరకు ఒక గ్రేడు రాయమన్నారు. మీటరుతో కొలిచి రాస్తే పై గ్రేడు, అంచనాగా రాస్తే అడుగు గ్రేడు. పదమూడో ఆర్థిక సంఘం ఈ ప్రమాణాలను గెజిట్‌లో ప్రకటించడాన్ని నిధులకు షరతుగా పెట్టడంతో పట్టికలు ఏటేటా నిండుతూ వచ్చాయి. అంకెలు పై స్థాయికి ప్రయాణించాయి గానీ, వాటి పక్కనున్న గ్రేడు మాత్రం దారిలోనే రాలిపోయింది. సూచీ చేతికి వచ్చేసరికి మీటరు అంకె, అంచనా అంకె ఒకేలా కనిపిస్తాయి.

మా తలసరి లెక్కలో లవం, హారం రెండూ అనుమానాస్పదమే. ఇళ్లకు మీటర్లు లేవు కాబట్టి, ఫిల్టర్ హౌస్ నుంచి వదిలిన నీటిని తీసుకుని అందులోంచి నష్టాల కింద ఒక అంచనా తీసివేసేవారు. హారంలో వేసే జనాభాకు ఆధారం 2011 జనగణన. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. ఆ మధ్యకాలంలో ఊరు పెరిగింది, శివారు గ్రామాలు కలిశాయి, అపార్టుమెంట్లు లేచాయి. హారం పాతదైతే తలసరి అంకె దానంతటదే అందంగా కనిపిస్తుంది.

2021 ఆగస్టులో నేనూ, ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారూ తూర్పు వైపు ఒక ట్యాంకు పరిధిలో వేకువజామున తిరగడం మొదలుపెట్టాం. వాల్వ్ ఆపరేటర్ దగ్గర అట్ట చిరిగిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏ వాల్వు ఏ సమయానికి తిప్పాడో, ఎప్పుడు కట్టేశాడో తేదీలవారీగా అందులో రాసి ఉంది; కరెంటు పోయిన రోజులు, పైపు పగిలిన రోజులు ఎర్ర సిరాతో. నగరం మొత్తం మీద నేను చూసిన నీటి రికార్డుల్లో అంత నిజాయతీ గలది మరొకటి లేదు. సరఫరా సమయం అన్న గడి చూపించి, రోజూ ఇది కూడా నింపగలవా అని అడిగితే అతను కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు: “రాస్తాను సార్, కానీ ఏ టైము రాయమంటారు? నేను వదిలిందా, వాళ్లకి చేరిందా?”

ఆ ప్రశ్న మా పత్రాల్లో ఎక్కడా లేదు. ఆ రోజు అతను అయిదున్నరకు వాల్వు తిప్పాడు, ఆరున్నరకు కట్టేశాడు. పుస్తకంలో గంట సరఫరా. ట్యాంకు పక్క వీధిలో కుళాయి వెంటనే బుసకొట్టింది. చివరి వీధిలో ఆరు దాటి పది నిమిషాలకు సన్నటి ధార మొదలై, వరసలో పెట్టిన బిందెలు సగం కూడా నిండకముందే ఆగిపోయింది. అక్కడ నిలబడిన ఒక పెద్దావిడ ఏఈ గారిని చూసి, “మీ పుస్తకంలో గంట వచ్చినా, మా బిందెలో రావాలి కదండీ” అన్నారు. ఆ రెండు వీధులనూ కలిపి సగటు తీస్తే ఆ ట్యాంకు పరిధి మొత్తానికి సరఫరా ఫరవాలేదనే తేలుతుంది.

కొలత విధానం

మేం చేసిన మార్పు చాలా చిన్నది. ప్రతి వాల్వు పరిధిలోనూ ట్యాంకుకు దగ్గరగా ఒక కుళాయిని, చివరన ఒక కుళాయిని ఎంచుకున్నాం. రెండింటి దగ్గరా నీరు వచ్చిన సమయం, ఆగిన సమయం, 20 లీటర్ల బకెట్ నిండడానికి పట్టిన సెకన్లు, ఈ మూడే రాయాలి. ఖర్చు ఒక బకెట్, ఒక ఫోను. 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో వార్డు సచివాలయాలు పనిచేస్తున్నాయి కాబట్టి, వాటిలోని అమెనిటీస్ సెక్రటరీలకు ఈ పని అప్పగించాం. వారంలో మూడు రోజులు చాలన్నాం, ఎందుకంటే రోజూ అడిగితే రెండో వారం నుంచి ఇంట్లో కూర్చుని రాసేస్తారన్న సంగతి మాకు తెలుసు. నా ఉద్యోగ జీవితంలో నేనూ అలా రాసిన రోజులున్నాయి.

అసలు కష్టం పటాల దగ్గర ఎదురైంది. ఎన్నికల వార్డుల హద్దులు ఒకటి, వార్డు సచివాలయాల పరిధులు మరొకటి, వాల్వుల పరిధులు ఇంకొకటి, జనగణన బ్లాకులు వేరొకటి. ఒకే వాల్వు కింద రెండు వార్డులు వస్తాయి, ఒకే వార్డుకు రెండు ట్యాంకుల నుంచి నీళ్లు వస్తాయి. కార్పొరేటర్ తన వార్డు లెక్క అడుగుతాడు, ఇంజనీరు తన జోను లెక్క చెబుతాడు, ఆ రెండూ ఎక్కడా కలవవు. వాల్వు ఆపరేటర్లను, ఫిట్టర్లను కూర్చోబెట్టి, కాగితం మీద వీధుల పేర్లు చెప్పించి, ఏ వీధి ఏ వాల్వు కిందకు వస్తుందో రాసుకోవడానికి కొలతలకంటే ఎక్కువ కాలం పట్టింది. భూమిలో పైపులు ఎలా పోతున్నాయో తెలిసినవాళ్లలో కొందరు అప్పటికే రిటైరై ఉన్నారు. వాళ్లను ఇళ్లకు వెళ్లి పిలుచుకొచ్చాం.

లెక్కలు పరిచి చూస్తే తూర్పు వైపు సమస్య నీటి పరిమాణం కాదని స్పష్టమైంది. ఒకప్పుడు కొద్ది వీధుల కోసం వేసిన పైపులైనును కాలనీలు పెరిగినకొద్దీ చివర చివర పొడిగించుకుంటూ పోయారు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై వీధుల్లో ఇంటింటికీ కుళాయికే నేరుగా మోటారు బిగించి లాగుతున్నారు. ఈ పరిస్థితిలో కొత్త ట్యాంకు కట్టినా ఆ నీరు కూడా అదే పైపులో, అవే మోటార్ల ముందు నుంచే వెళ్లాలి. అందుకని ట్యాంకు ప్రతిపాదనను పక్కనపెట్టి, పైపులైను మధ్యలో ఒక వాల్వు అమర్చి పరిధిని రెండుగా విడదీసి, చివరి భాగానికి ముందుగా, పై భాగానికి తర్వాత నీళ్లు వదలాలని ఇంజనీరింగ్ విభాగం నిర్ణయించింది. చేతిలో ఆ పట్టిక లేకపోతే ట్యాంకే కట్టేవాళ్లం, దానికి శంకుస్థాపన కూడా ఘనంగా జరిగేది.

పాత బెంగళూరు పద్ధతి

మేం చేసినదాంట్లో కొత్తదనం పెద్దగా లేదు. ప్రజాసేవల పరిశోధకుడు శామ్యూల్ పాల్ నేతృత్వంలో బెంగళూరులో 1994లో వెలువడిన పౌర నివేదిక కార్డు ఇంతకంటే ధైర్యమైన పని చేసింది. ఆయన బృందం బెంగళూరు మంచి ఊరా కాదా అని అడగలేదు. ఏ సంస్థతో మీకు పని పడింది, అక్కడ ఏం జరిగింది, లంచం ఇచ్చారా అని కుటుంబాలను అడిగి, సంస్థలవారీగా ఫలితాలు అచ్చేసింది. బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ పనితీరుతో తృప్తి చెందినవాళ్లు 1 శాతమే అని తేలింది. అలాంటి అంకె నగరం మొత్తానికి వచ్చి ఉంటే అందరూ పంచుకుని మరచిపోయేవారు. సంస్థ పేరుతో వచ్చింది కనుక ఆ సంస్థ తప్పించుకోలేకపోయింది. 1999లోనూ, 2003లోనూ అవే సేవల గురించి మళ్లీ అడిగారు, మూడోసారికి పరిస్థితి గణనీయంగా మెరుగైంది. 1999లో ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణ నగర సేవల మెరుగుదలకు నియమించిన బెంగళూరు అజెండా టాస్క్ ఫోర్స్ వంటి ఇతర కారణాలూ అందుకు తోడ్పడ్డాయి కాబట్టి ఘనతంతా నివేదిక కార్డుకే కట్టబెట్టలేం. కానీ మార్పు వచ్చిందని చెప్పగలిగింది కొలబద్దను మార్చకుండా మూడుసార్లు కొలవడం వల్లనే అన్నది నా దృష్టిలో ముఖ్యం.

కేంద్ర మంత్రిత్వ శాఖ కూడా 2022లో అర్బన్ అవుట్‌కమ్స్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో సూచీల మీద కంటే 14 రంగాల ముడి సమాచారం మీద దృష్టి పెడతానని ప్రకటించింది. అది సరైన దిశ అని నా అభిప్రాయం, కాకపోతే ఆ ముడి సమాచారం కూడా నగర సగటుగానే పైకి వెళుతున్నంత కాలం, కింద వాల్వు తిప్పే మనిషికి దానితో పని ఉండదు.

ఏం మారింది, ఏం మారలేదు

సరఫరా వేళలు మార్చిన మొదటి నెలలో చివరి వీధుల నుంచి ఫిర్యాదులు తగ్గాయి, పై వీధుల నుంచి పెరిగాయి. ఆరు గంటలకే నీళ్లు పట్టుకుని పనులకు వెళ్లే కుటుంబాలకు ఏడు తర్వాత నీళ్లు రావడం నిజంగానే ఇబ్బంది. అక్కడి కార్పొరేటర్ ఆ విషయాన్ని కౌన్సిల్‌లో గట్టిగానే లేవనెత్తారు, న్యాయంగానే మాట్లాడారు. నెల తిప్పి నెల వేళలు మార్చుకునే ఏర్పాటుతో రాజీ కుదిరింది. మోటార్ల తొలగింపు మాత్రం విఫలమైంది. మా సిబ్బంది ఒక వీధిలో మోటార్లు తీయించి మరో వీధికి వెళ్లేసరికి మొదటి వీధిలో మళ్లీ బిగించుకునేవారు. కాలక్రమంలో ఆ డ్రైవ్ ఆగిపోయింది, బకెట్ నిండే సెకన్లు దాదాపు మునుపటికే చేరుకున్నాయి. ఆ వెనకడుగు మా పట్టికలో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని తుడిచేయమని ఒకరిద్దరు సూచించినా కమిషనర్ గారు ఒప్పుకోలేదు.

ఈ పనివల్ల మా ర్యాంకు పెరిగే అవకాశం లేదని కూడా ఆయనకు ముందే చెప్పాను, ఎందుకంటే మొదటి కుళాయికీ చివరి కుళాయికీ మధ్య ఉన్న తేడాను అడిగే గడి ఏ పత్రంలోనూ లేదు.

విలీన గ్రామాల దగ్గర మా పద్ధతి ఆగిపోయింది. అక్కడ పంచాయతీ కాలం నాటి బోర్లు, చిన్న ట్యాంకులు ఉన్నాయి. కొన్ని కాలనీలకు పైపులైనే లేదు, ట్యాంకర్లు వెళతాయి. వాల్వు లేనిచోట మొదటి కుళాయి ఏది, చివరి కుళాయి ఏది? ట్యాంకర్ల ట్రిప్ షీట్లు తెప్పించి చూశాం. అవి కాంట్రాక్టరు బిల్లు కోసం రాసినవి. ఏ ట్యాంకరు ఎన్నిసార్లు బయల్దేరిందో ఉంది గానీ ఏ వీధిలో ఎంతసేపు ఆగిందో, ఎన్ని ఇళ్లవాళ్లు నీళ్లు పట్టుకున్నారో లేదు. వాటిని తలసరి లీటర్లుగా మార్చి గడి నింపడం పెద్ద పని కాదు, అలా నింపమన్న ఒత్తిడి కూడా వచ్చింది. ఆ కాలనీల పేర్లు మాత్రం పట్టికలో చేర్చి, ఎదుట ‘కొలవలేదు’ అని రాశాం. నేను ఆ పని వదిలి వచ్చేనాటికి అది అలాగే ఉంది.